కొలువు సందేహాలు: తేదీ ముందా, సంతకం ముందా?

బెంగళూరు, చెన్నై విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్న తెలుగు పాఠకుల ఉత్తరాల్లోంచి ఏరినవి. ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం, పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: కెంగేరి దగ్గర ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర విభాగాధిపతిని. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీ అయి మూడు నెలలైంది. నేనూ, మరో ఇద్దరు ప్రొఫెసర్లూ కూర్చుని నలుగురిని ఇంటర్వ్యూ చేసి ఒకబ్బాయిని ఎంచుకున్నాం. సోమవారం నుంచి రమ్మన్నాను, వస్తున్నాడు. ఇప్పుడు హెచ్ఆర్ వాళ్లు ఎంపిక చెల్లదు, మొదటి నుంచీ చేయమంటున్నారు. మూడు నెలల పని మళ్లీ మొదటికా?

జవాబు: హెచ్ఆర్ చెప్పింది నిజమే. కానీ ఎంపిక సంగతి తరవాత చూద్దాం. నియామకపు ఆర్డరు లేకుండా ఒక మనిషి ఇవాళ మీ ల్యాబ్‌లో యాసిడ్ సీసాలు పట్టుకుని తిరుగుతున్నాడు, ముందు చూడాల్సింది అది. రేపు చేతి మీద ఏదైనా ఒలికితే అతను ఏ రిజిస్టరులోనూ లేడు. నెల జీతం 21,000 లోపు అయి, మీ సంస్థ ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కిందికి వచ్చేదైతే, చేరిన రోజు నుంచే పేరు నమోదు కావాలి. కాలేదు. పీఎఫ్ లేదు. ఆ రోజుల జీతం ఏ పద్దులో రాయాలో అకౌంట్స్ వాళ్లకూ తెలియదు. కాబట్టి ఈ పూటే అతన్ని పని నుంచి ఆపండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వచ్చాడో, ఎవరు రమ్మన్నారో మీరే సంతకం పెట్టి హెచ్ఆర్‌కు నోటు ఇవ్వండి. చేయించుకున్న పనికి డబ్బు ఇవ్వాల్సిందే. నోటు పెడితే నా మీదికి వస్తుందేమోనని చాలామంది అధిపతులు వెనకాడతారు. పెట్టకపోతే వచ్చేది అంతకన్నా పెద్దది.

ఇక ఎంపిక. మొదటి కాగితం పోస్టు మంజూరు. పాత టెక్నీషియన్ రాజీనామా ఆమోదం, రిలీవ్ అయిన తేదీ జతపరిచి, అదే స్కేలులో అదే పద్దు కింద భర్తీ చేయడానికి అనుమతి అడగాలి. మనిషి వెళ్లాడు గనక కుర్చీ ఖాళీయే అనుకోవడం పొరపాటు. ఖాళీ అయిన పోస్టును యాజమాన్యం వేరే విభాగానికి మార్చి ఉండొచ్చు, నిలిపివేసి ఉండొచ్చు.

తరవాత అర్హతలు. తప్పనిసరి అర్హత ఒక వరస, ఉంటే మంచిది అనుకునేది వేరే వరస. ఉదాహరణకు బీఎస్సీ కెమిస్ట్రీ, రెండేళ్ల ల్యాబ్ అనుభవం తప్పనిసరి, గ్యాస్ క్రొమటోగ్రఫీ తెలిసి ఉండటం అదనం. తప్పనిసరి అని రాసినదాన్ని నచ్చిన మనిషి కోసం తరవాత సడలించకూడదు, ప్రకటనలో లేనిదాన్ని కారణంగా చూపి ఎవరినీ తీసేయకూడదు. మీరు పిలిచిన నలుగురూ ఎక్కడి నుంచి వచ్చారో ఉత్తరంలో రాయలేదు. తెలిసినవాళ్ల ద్వారా అయితే హెచ్ఆర్ అభ్యంతరానికి అసలు కారణం అదే అయి ఉంటుంది: ప్రకటన లేదు, దరఖాస్తుల జాబితా లేదు, ఎవరిని ఎందుకు పిలవలేదో చెప్పే కాగితం లేదు.

మార్కుల పట్టిక దరఖాస్తులు తెరవకముందే తయారు కావాలి. ఇలాంటి పోస్టుకు మా లెక్క నూటికి: ప్రయోగ పరీక్ష 50, రాత 20, ఇంటర్వ్యూ 20, అనుభవం 10. ల్యాబ్ పని మాటల్లో కన్నా చేతుల్లో తేలుతుంది గనక ఇంటర్వ్యూకు ఎక్కువ ఇవ్వొద్దు. పరీక్ష తేలికైనదే పెట్టండి. 250 మిల్లీలీటర్ల 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం తయారుచేయమనండి. గ్రాము తూచాలని అందరూ లెక్క కడతారు. సోడియం హైడ్రాక్సైడ్ పలుకులు గాలిలో తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటాయి గనక తూచిన గ్రాము సరైన గ్రాము కాదని, ఆగ్జాలిక్ యాసిడ్‌తో టైట్రేషన్ చేసి బలం తేల్చాలని చెప్పేవాడు ల్యాబ్‌లో నిజంగా పనిచేసినవాడు. తూచేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్నాడా, మిగిలిన సీసాకు మూత బిగించాడా అన్నదానికీ మార్కులు వేయండి.

కమిటీలో ఎవరికైనా అభ్యర్థితో బంధుత్వమో, పాత శిష్యరికమో ఉంటే ముందే రాసిచ్చి పక్కకు తప్పుకోవాలి. బెంగళూరులో మనవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. అభ్యర్థి తెలుగువాడని తెలియగానే ఇంటర్వ్యూ సగం తెలుగులోకి జారుతుంది, ఊరూ పేరూ కుశల ప్రశ్నలూ మొదలవుతాయి. పక్కన కూర్చున్న కన్నడ సభ్యుడికి ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో తెలియదు, అతని మార్కుల కాగితం అక్కడే బోసిపోతుంది. అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే భాషలో, ఒకే వరసలో అడగండి. పెళ్లయిందా, పిల్లలెప్పుడు, ఏ కులం, ఇల్లెక్కడ, ఆలస్యమైతే ఎవరు తీసుకెళ్తారు లాంటివి ఎవరినీ అడగొద్దు. సాయంత్రం ఆరు దాకా ల్యాబ్ ఉంటుందనుకుంటే ఆ పని వేళలు చెప్పి, సమ్మతమేనా అని అందరినీ అడిగితే సరిపోతుంది.

ప్రతి సభ్యుడూ విడిగా మార్కులు వేసి అక్కడే, ఆ రోజే సంతకం చేయాలి. మర్నాడు మాట్లాడుకుని వేసిన మార్కులు చూడగానే తెలిసిపోతాయి, ముగ్గురివీ ఒకే అంకె ఉంటుంది. మొదటి పేరుతోపాటు రెండో, మూడో పేర్లు కూడా ఎదురుచూపు జాబితాగా రాయండి. మొదటివాడు చేరకపోతే ఇదంతా మళ్లీ చేయక్కర్లేదు. ఫలితం మీరు ఫోనులో చెప్పకండి, జీతం అంకె అసలే చెప్పొద్దు. ఆఫర్ హెచ్ఆర్ నుంచి వెళ్లాలి.

సోమవారం వచ్చిన అబ్బాయి కూడా ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ నాలుగు రోజుల పనికి అనుభవం మార్కులు మాత్రం వేయకండి. అధ్యాపక పోస్టులకు కమిటీని మీరే వేసుకునే ఈ స్వేచ్ఛ కూడా లేదు. అక్కడ ఎంపిక సంఘంలో ఎవరుండాలో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నియమాలే చెబుతాయి. కనీసం నలుగురు సభ్యులు, వారిలో ఇద్దరు బయటి విషయ నిపుణులు ఉంటేనే కోరం, అంటే సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు. ఒక నిపుణుడి విమానం తప్పిపోయిందని మిగిలినవాళ్లతో కానిచ్చేస్తే ఆ ఎంపికను కోర్టులో కొట్టేయించడం చాలా తేలిక.

ప్రశ్న: విజయవాడలో ఆరేళ్లు చేసి ఏడాది కిందట యలహంక వైపు ఒక విశ్వవిద్యాలయంలో చేరాను. పాత పీఎఫ్ ఇక్కడికి మార్చమని మూడుసార్లు పెడితే మూడుసార్లూ తిరస్కరించారు. ఇప్పుడు నాకు రెండు యూఏఎన్ నంబర్లు (పీఎఫ్ సభ్యుల గుర్తింపు సంఖ్యలు) ఉన్నాయని తెలిసింది. మొత్తం తీసేసుకోమని స్నేహితులు అంటున్నారు.

జవాబు: తీసేసుకోకండి. ఉద్యోగంలో ఉంటూ పాత ఖాతా ఖాళీ చేయడం నిబంధనలకు విరుద్ధం, పైగా నష్టం. పెన్షన్‌కు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. పాత ఖాతాలో పెన్షన్ సభ్యత్వం ఉంటే మీకు ఆరేళ్లు ఇప్పటికే ఉన్నాయి, తీసుకుంటే లెక్క సున్నా నుంచి మొదలు.

తిరస్కరణకు ఇచ్చిన కారణం మీరు రాయలేదు. మనవాళ్ల విషయంలో ముందుగా అనుమానించాల్సింది ఇంటిపేరు. ఆధార్‌లో పేరు చివర ఒక్క పొడి అక్షరం, పాన్‌లో ముందు పూర్తి ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్లో రెండు పొడి అక్షరాలు, పెళ్లి తరవాత బ్యాంకులో వేరే ఇంటిపేరు. మనిషి ఒకరే, కంప్యూటరుకు నలుగురు. ముందు ఆధార్, పాన్ ఒకటి చేయండి, ఆ తరవాత పీఎఫ్ రికార్డు, చివర్లో బదిలీ దరఖాస్తు. ఈ వరస తప్పితే ప్రతి సవరణా ఇంకో తేడాను పుట్టిస్తుంది. ఆధార్‌తో ధ్రువపడిన, 2017 అక్టోబరు 1 తరవాత ఇచ్చిన యూఏఎన్ అయితే పేరు, పుట్టినతేదీ లాంటివి చాలావరకు పోర్టల్లో మీరే దిద్దుకోవచ్చు. అంతకన్నా పాతదైతే సవరణ యజమాని ద్వారా వెళ్లాలి.

రెండో కారణం, పాత కాలేజీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోవడం. వాళ్ల చందా ఆగి రెండు నెలలు దాటాక ఆ తేదీని ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. రిలీవింగ్ లెటర్లో ఏ తేదీ ఉందో అదే వేయండి. అక్కడ జూన్ 30న రిలీవ్ అయినట్టూ, ఇక్కడ జూన్ 28న చేరినట్టూ ఉంటే రెండు ఉద్యోగాలు కలిసిపోయినట్టు కనబడి వివరణ అడగొచ్చు, దరఖాస్తు ఆలస్యం కావచ్చు.

రెండు నంబర్లు ఎలా వచ్చాయంటే, చేరిన రోజు నింపే ఫారం 11 వల్ల. గతంలో పీఎఫ్ సభ్యులా, పెన్షన్ సభ్యులా అన్న గడుల్లో 'కాదు' పడి ఉంటుంది, లేదా ఖాళీగా వదిలి ఉంటారు. దీనివల్ల జరిగే అసలు నష్టం నంబరు కాదు. 2014 సెప్టెంబరు 1 తరవాత తొలిసారి పీఎఫ్‌లో చేరుతూ, పీఎఫ్ లెక్కకు తీసుకునే వేతనం 15,000 దాటినవారికి పెన్షన్ పథకం వర్తించదు. మిమ్మల్ని కొత్త సభ్యురాలిగా చూపితే యజమాని వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోయి, పెన్షన్ గడిలో సున్నా ఉంటుంది. ఇప్పుడే పాస్‌బుక్ తెరిచి ఆ గడి చూడండి. మూల వేతనం 40,000 మీద పూర్తిగా కడుతున్నారనుకుంటే యజమాని 12 శాతం 4,800. పెన్షన్ సభ్యులకైతే అందులో 1,250 పెన్షన్‌కు, 3,550 పీఎఫ్‌కు పోవాలి. పాత ఖాతాలో పెన్షన్ జమ ఉండి ఇక్కడ సున్నా ఉంటే, పాత పాస్‌బుక్ జతచేసి ఈ ఏడాది చందాను సరిచేయమని హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఏడాది తప్పును సరిచేయడం విసుగు పుట్టించే పని, ఎనిమిదేళ్ల తప్పును సరిచేయడం నరకం.

ప్రశ్న: ఆంధ్ర సెట్ (రాష్ట్ర స్థాయి అధ్యాపక అర్హత పరీక్ష) పాసయ్యాను. బెంగళూరులో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం సహాయ ఆచార్య పోస్టుకు దరఖాస్తు చేస్తే అర్హత లేదన్నారు. బీసీ రిజర్వేషన్ కూడా కుదరదన్నారు. (కె.ఆర్.పురం)

జవాబు: రెండూ సరైనవే. 2002 జూన్ 1 తరవాత జరిగిన సెట్ ఏ రాష్ట్రం నిర్వహించిందో ఆ రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలకు, కాలేజీలకు మాత్రమే చెల్లుతుంది. ఆంధ్ర సెట్‌తో కర్ణాటకలో గానీ తమిళనాడులో గానీ అర్హత రాదు. కర్ణాటక నిర్వహించే కె-సెట్ రాయండి, లేదా దేశమంతా చెల్లే నెట్ పరీక్ష. యూజీసీ నిబంధనల ప్రకారం పొందిన పీహెచ్‌డీ ఉంటే ఇవి రెండూ అక్కర్లేదు. సహాయ ఆచార్య పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న పాత మాటను యూజీసీ 2023 జులైలో సవరించింది, నెట్ లేదా సెట్ ఉంటే చాలు. ఇప్పటికీ కొందరు అధికారులకు ఆ సవరణ తెలియదు. కాపీ వెంట పెట్టుకుని వెళ్లండి.

రిజర్వేషన్ సొంత రాష్ట్రాన్ని బట్టి. ఎస్సీ, ఎస్టీల విషయంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులోనూ, 2018లో బీర్ సింగ్ కేసులోనూ ఇదే తేల్చాయి. రాష్ట్రాల బీసీ జాబితాలు కూడా ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానికే. కాబట్టి కర్ణాటక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మీరు జనరల్ మెరిట్‌లోనే. కేంద్ర సంస్థల్లో, అంటే ఐఐఎస్సీ, నిమ్హాన్స్ లాంటి చోట్ల అఖిల భారత భర్తీకి మీ ఆంధ్ర సర్టిఫికెట్ పనికొస్తుంది. కాకపోతే మీ కులం ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. క్రీమీలేయర్‌లో, అంటే బీసీల్లోని సంపన్న శ్రేణిలో, లేరన్న సర్టిఫికెట్ కేంద్ర నమూనాలోనే తీసుకోవాలి. మీసేవలో రాష్ట్ర నమూనా చేతిలో పెడతారు, అడిగి మార్పించుకోండి. దాని తేదీ కూడా ప్రకటనలో అడిగిన కాలంలోపే ఉండాలి.

ప్రశ్న: జయనగర్‌లో కాంట్రాక్టు లెక్చరర్‌ని. మార్చి 20న ప్రసవం తేదీ ఇచ్చారు. నా కాంట్రాక్టు ఏప్రిల్ 30తో ముగుస్తుంది. సెలవు అప్పటిదాకానే అని హెచ్ఆర్ అంటున్నారు.

జవాబు: అది తప్పు. 2023 ఆగస్టులో కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని చెప్పింది. మీరు చూసుకోవాల్సింది ఒకటే: ప్రసవం తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేశారా.

మొదటి లేదా రెండో కాన్పు అయితే 26 వారాలు, ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12. ఆ 26లో ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు. మీ తేదీ ప్రకారం జనవరి 23 కన్నా ముందు మొదలుపెట్టలేరు. ఆ రోజే మొదలుపెడితే జులై 23 దాకా నడుస్తుంది. పరీక్షల పని ఉందని ఫిబ్రవరి చివరి దాకా పనిచేసినా ఒక్క రోజూ తగ్గదు, అటు వైపు జరుగుతుంది అంతే.

దరఖాస్తులో మూడు ఉండాలి: సెలవు మొదలయ్యే తేదీ, ఆ కాలంలో మరెక్కడా పనిచేయనన్న మాట, మీ తరఫున డబ్బు ఎవరికి ఇవ్వొచ్చో వారి పేరు. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, అందినట్టు ఇన్‌వార్డు ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోండి. నోటితో కాదన్నారు గనక, అదే మాట రాసిమ్మని మర్యాదగా అడగండి. సాధారణంగా అక్కడే స్వరం మారుతుంది. మారకపోతే బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనలో కార్మిక శాఖ ఉంది. జీతం ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాళ్లయితే డబ్బు యాజమాన్యం కాకుండా ఈఎస్ఐ ఇస్తుంది, వాళ్లు అక్కడే దరఖాస్తు పెట్టాలి.

కొత్త కాంట్రాక్టు మాత్రం వేరే విషయం. ప్రయోజనం ఇవ్వాలన్నది కోర్టు మాట, కాంట్రాక్టు పొడిగించి తీరాలని కాదు.

ప్రశ్న: దొడ్డబళ్లాపుర రోడ్డులో ఒక ప్రైవేటు కాలేజీలో 6 ఏళ్ల 7 నెలలు పాఠాలు చెప్పి గత ఏడాది జనవరిలో మానేశాను. టీచర్లకు గ్రాట్యుటీ (చేసిన ఏళ్ల సేవకు మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) లేదంటున్నారు. పైగా ప్రతి మే నెలా తీసేసి జూన్‌లో కొత్త ఆర్డరు ఇచ్చేవాళ్లు.

జవాబు: టీచర్లకు గ్రాట్యుటీ ఉంది. చట్టాన్ని 2009లో సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చేశారు. ప్రైవేటు స్కూళ్లు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందంది. చివరి మూల వేతనం, కరువు భత్యం కలిపి 52,000 అనుకుందాం. దాన్ని 26తో భాగిస్తే 2,000, పదిహేనుతో హెచ్చిస్తే 30,000. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా తీసుకుంటారు గనక ఏడేళ్లు, మొత్తం 2,10,000. ఇంటి అద్దె భత్యం ఇందులోకి రాదు.

మే నెల విరామం ఈ లెక్కను ఎగ్గొట్టడానికి వేసే పాత ఎత్తు. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది నిరంతర సేవగా చూసే నియమం చట్టంలోనే ఉంది. అందుకే ప్రతి ఏడాది ఆర్డరు, బ్యాంకు స్టేట్‌మెంటు, మే నెలలో మూల్యాంకనానికి పిలిచిన ఉత్తరాలు ఏరి పెట్టుకోండి. మే నెలలో జవాబు పత్రాలు దిద్దించుకుని, ఆ నెల ఉద్యోగంలో లేరని వాదించడం వాళ్లకు కష్టం. దరఖాస్తు కాలేజీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ కూడా అడగొచ్చు. మానేసిన ముప్పై రోజుల్లో దరఖాస్తు పెట్టాలి గానీ, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కాదనడానికి వీల్లేదు. ఆలస్యానికి కారణం ఒక వాక్యంలో రాయండి.

2025 నవంబరు 21 తరవాత మానేసినవారికి సామాజిక భద్రతా కోడ్ వర్తిస్తుంది. నిర్ణీత కాలపు ఉద్యోగులకు పాత చట్టంలోని కనీసం అయిదేళ్ల సేవ షరతు అక్కడ లేదు, ఏడాది చాలు. మీరు అంతకు ముందే మానేశారు గనక మీకు పాత చట్టమే.

ప్రశ్న: చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు డిపాజిట్ చేయమంటున్నారు. ఇవ్వాలా?

జవాబు: చూపించండి, సరిపోల్చుకున్నాక అదే రోజు వెనక్కి తెచ్చుకోండి. ధ్రువీకరించిన నకళ్లు ఫైలుకు చాలు. ఇవ్వక తప్పని పరిస్థితి అయితే ప్రతి సర్టిఫికెట్ పేరు, క్రమసంఖ్య, తీసుకున్న తేదీ, తిరిగిచ్చే తేదీ, తీసుకున్న ఉద్యోగి సంతకం, సంస్థ ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. 'రసీదు ఇచ్చే పద్ధతి లేదండీ' అంటే సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతీ మీకు లేదు.